ఇంకో బలిపీఠం కడితే తిరుగుబాటేనా?

ప్రశ్న: అయ్యా, వందనాలు. మా సంఘంలో కొన్ని కుటుంబాలు ఊరికి అవతల ఉన్న కొత్త కాలనీకి మారి, ఈమధ్య అక్కడే చిన్న ప్రార్థన మందిరం కట్టుకున్నాయి. మా చెల్లెలు, మరిదిగారు కూడా వాళ్లలో ఉన్నారు. పోయిన ఆదివారం మా సంఘ పెద్ద ఒకాయన యెహోషువ 22వ అధ్యాయం తీసి, "మరో బలిపీఠం కట్టినవాళ్ల మీద ఇశ్రాయేలీయులు యుద్ధానికి లేచారు, మనం కూడా వీళ్లతో రాకపోకలు మానుకోవాలి" అన్నారు. వచ్చే నెల సండే స్కూల్లో పెద్ద పిల్లలకి అదే అధ్యాయం నేను చెప్పాలి. నిజంగా ఒక బలిపీఠం కోసం సొంతవాళ్ల మీదికి కత్తులు పట్టుకుని బయల్దేరారా? తప్పు ఎవరిది? పిల్లలకి ఏం చెప్పాలో తెలియక టెన్షన్‌గా ఉంది.
– ఒక సోదరి, గుంటూరు జిల్లా

సమాధానం:

అమ్మా, వందనాలు. ముందుగా ఆ అధ్యాయాన్ని చివరిదాకా చదవండి. అందులో 34 వచనాలున్నాయి. మీ పెద్దాయన 12వ వచనం దగ్గర ఆగిపోయినట్టున్నారు. అక్కడే, ఆరాధన గుడారం ఉన్న షిలోహులో, జనమంతా యుద్ధానికి కూడుతుంది. 33వ వచనానికి వచ్చేసరికి యుద్ధం మాటే ఎత్తకుండా దేవుణ్ని స్తుతిస్తూ ఎవరిళ్లకు వాళ్లు వెళ్లిపోతారు. నింద మోపడానికి వెళ్లినవాళ్లు ఆ నింద నిజం కాదని తెలుసుకుని తిరిగొచ్చిన అధ్యాయం ఇది. దీన్ని పట్టుకుని మీ చెల్లెలి కుటుంబాన్ని వెలివేయమనడం నాకు వింతగానే ఉంది.

కథ అసలు మొదలయ్యేది సంఖ్యాకాండం 32లో. రూబేను, గాదు గోత్రాలవాళ్లకి పశువులు ఎక్కువ. యొర్దానుకు తూర్పున గిలాదు ప్రాంతంలో మేత చూసి, మాకు ఇక్కడే ఇవ్వండి, నది దాటించకండి అని మోషేని అడిగారు. ఆయనకి కోపం వచ్చింది. మిగతావాళ్లు యుద్ధానికి పోతుంటే మీరు ఇక్కడ కూర్చుంటారా అన్నాడు. కాదేషు బర్నేయలో వీళ్ల తండ్రులు జనం గుండె జారేలా మాట్లాడిన సంగతి ఆయనింకా మరిచిపోలేదు. అప్పుడు వాళ్లు, పిల్లల్నీ పశువుల్నీ ఇక్కడ ఉంచి, అందరికీ భూములు వచ్చేదాకా మేమే ముందుండి పోరాడతాం అని మాట ఇచ్చారు. మనష్షే గోత్రంలో సగం కూడా వాళ్లతో తూర్పునే ఉండిపోయింది. ఆ మాట నిలబెట్టుకున్నారు కూడా. దాదాపు 40,000 మంది ఆయుధాలతో నది దాటినట్టు యెహోషువ 4వ అధ్యాయం చెబుతుంది.

అందుకే 22వ అధ్యాయం మొదట్లో, మోషే తర్వాత నాయకుడైన యెహోషువ వాళ్లని మెచ్చుకుంటాడు. ఇన్నాళ్లూ మీ సోదరుల్ని విడిచిపెట్టలేదు, ఇక ఇళ్లకు వెళ్లండి అంటాడు. పశువులు, వెండి, బంగారం, ఇత్తడి, ఇనుము, బట్టలు ఇచ్చి ఆశీర్వదించి పంపుతాడు. వాళ్లు యొర్దాను దగ్గరికి వచ్చి, చూడడానికి గొప్పగా కనిపించే పెద్ద బలిపీఠం ఒకటి కట్టారు. ఎందుకు కడుతున్నారో ముందుగా ఎవరికైనా చెప్పినట్టు ఆ అధ్యాయంలో లేదు. సంగతి షిలోహుకు వెళ్లింది. అధ్యాయం మొదట్లో మంచి సోదరులు అనిపించుకున్నవాళ్లే, 12వ వచనానికి శత్రువులైపోయారు.

"ఒక బలిపీఠం కోసమా?" అని మీరు అడిగారు. అవును, దాని కోసమే. అయితే పడమటివాళ్లు, అంటే నదికి అవతల ఉన్న మిగతా గోత్రాలు, తెలివితక్కువవాళ్లని మాత్రం పిల్లలకి చెప్పకండి. వాళ్ల భయానికి కారణాలున్నాయి. అప్పటికి రాజు లేడు, రాజధాని లేదు, పన్నెండు గోత్రాలకీ కలిపి ఒక సైన్యాధిపతి పదవి కూడా స్థిరంగా లేదు. అందరినీ కట్టి ఉంచింది ఒకే దేవుడు, షిలోహులో నిలిపిన ఒకే ప్రత్యక్ష గుడారం. బలులు ఒక్క చోటే అర్పించాలని ద్వితీయోపదేశకాండం 12, గుడారం దగ్గరికి తీసుకురాకుండా బయట బలి ఇచ్చినవాణ్ని జనంలోనుంచి కొట్టివేయాలని లేవీయకాండం 17 చెబుతున్నాయి. అలాంటప్పుడు రెండో బలిపీఠం అంటే వేరు కాపురం పెట్టినట్టే. దానికి తోడు రెండు పాత గాయాలున్నాయి. పెయోరులో కొందరు బయలు అనే అన్యదేవతను పూజిస్తే తెగులుకు 24,000 మంది చనిపోయారు. ఆకాను ఒక్కడు దోపుడు సొమ్ము దాచుకుంటే హాయి పట్టణం దగ్గర 36 మంది ప్రాణాలు పోయాయి. ఆ అవతలి ఒడ్డువాళ్లు తప్పు చేస్తే దెబ్బ మాకూ తగులుతుంది అనేదే వాళ్ల వాదన, 18వ వచనంలో ఆ మాటే అంటారు.

ఇక్కడ మీ పెద్దాయనకి గుర్తు చేయాల్సిన సంగతి ఒకటుంది. ద్వితీయోపదేశకాండం 13లో, ఒక ఊరు అన్యదేవతల వైపు తిరిగిందని వినబడితే ఏం చేయాలో రాసి ఉంది. ఆ ఊరికి శిక్ష చాలా కఠినం. కానీ దానికి ముందు శోధించాలి, పరీక్షించాలి, బాగా విచారించాలి, సంగతి నిజమని రూఢి కావాలి. వినగానే వెళ్లిపోవచ్చని ధర్మశాస్త్రం ఎక్కడా అనలేదు. షిలోహులో కూడినవాళ్లకి ఆ సంగతి కాస్త ఆలస్యంగానైనా గుర్తొచ్చింది. సైన్యాన్ని నిలిపి, ముందు మనుషుల్ని పంపారు.

ఎవరిని పంపారో చూడండి. వాళ్లకి పెద్ద, ఎలియాజరు యాజకుడి కొడుకు ఫీనెహాసు. పెయోరులో జిమ్రీని, మిద్యాను స్త్రీ కొజ్బీని ఒకే ఈటెతో పొడిచి చంపినవాడు. అలాంటివాణ్ని రాయబారానికి పంపడమేమిటని నాకు చాలాకాలం అనిపించేది. బహుశా అతను రాజీపడ్డాడని, మెత్తబడ్డాడని ఇంట్లోవాళ్లు ఎవరూ అనలేరు కాబట్టే కావచ్చు. అతను సరే అంటే షిలోహులో అందరూ సరే అనాల్సిందే. అతనితో పాటు గోత్రానికి ఒకరు చొప్పున పదిమంది ప్రధానులు వెళ్లారు. లేవీయులకు వేరే భూభాగం లేదు, కాబట్టి యొర్దానుకు పడమట ఉన్న గోత్రాలు లెక్క వేస్తే సరిగ్గా పది వస్తాయి, మనష్షేలో పడమటి సగంతో కలిపి. అంటే ఆ పదిమందిలో ఒకాయన సొంత మనష్షేవాళ్ల మీదే నేరం మోపడానికి నది దాటాడన్నమాట. మీ పరిస్థితిని దగ్గరగా పోలినవాడు ఈ అధ్యాయంలో ఆయనే అనిపిస్తుంది నాకు. ఆయన పేరైనా రాయలేదు.

వెళ్లినవాళ్లు మొదట మాట్లాడిన తీరు ఏమంత బాగాలేదు. "ఎందుకు కట్టారు?" అని నిజంగా తెలుసుకోవాలని అడగలేదు. ఈ ద్రోహం ఏమిటి, ఈ తిరుగుబాటు ఏమిటి అని తీర్పుతోనే మొదలుపెట్టారు. పెయోరు తెచ్చారు, ఆకానును తెచ్చారు. కానీ మధ్యలో 19వ వచనం ఉంది. మీ దేశం అపవిత్రమని మీకు అనిపిస్తే నది దాటి మా వైపు వచ్చేయండి, యెహోవా మందిరం ఉన్న మా భూమిలోనే మీరూ భాగం తీసుకోండి అన్నారు. ఆ భూములు అప్పుడే చీట్లు వేసి పంచుకున్నవి. మా వాటా తగ్గినా ఫర్వాలేదు గానీ మీరు వేరుపడొద్దు అన్న మాట అది. కోపంగా వచ్చినవాళ్లు చేతిలో ఉన్నది ఇస్తామనడం నాకు ఈ అధ్యాయం మొత్తంలో అన్నిటికన్నా పెద్ద విషయం. మీ కమిటీ ఇలాంటిదేమైనా ఇచ్చిందా? కాలనీ నుంచి వచ్చే ముసలివాళ్లకి ఆటో ఖర్చు సంఘం పెట్టుకుంటుందా? ఆరాధన వేళ మారుస్తారా? వాళ్లలో ఒకరిని కమిటీలోకి తీసుకుంటారా? మీ ఉత్తరంలో అవేమీ కనిపించలేదు. 19వ వచనం పాటించకుండా 12వ వచనం పాటిస్తామంటే కుదరదు.

తూర్పువాళ్ల జవాబు కూడా పిల్లలచేత బయటికి చదివించండి. ఎదురు తిట్టలేదు, మీకోసం ఇంత పోరాడాం కదా అని దెప్పలేదు. దెప్పడానికి వాళ్లకి బోలెడంత హక్కుంది, అయినా ఆ ఊసే ఎత్తలేదు. ముందు దేవుని పేరు రెండుసార్లు పలికి, ఇది తిరుగుబాటే అయితే ఈ రోజే మమ్మల్ని బతకనివ్వొద్దు అన్నారు. తర్వాత అసలు భయం చెప్పారు. రేపు మీ పిల్లలు మా పిల్లలతో, మీకూ ఇశ్రాయేలు దేవుడికీ ఏం సంబంధం, మనకు మధ్య యొర్దానును ఆయనే సరిహద్దుగా పెట్టాడు కదా అంటారేమోనని భయపడి కట్టాం. దహనబలులకు కాదు, నైవేద్యాలకు కాదు. గుడారం ముందున్న బలిపీఠానికి ఇది నమూనా మాత్రమే. మా పిల్లలకి చూపించుకోవడానికి ఒక సాక్ష్యం. ఫీనెహాసు ఆ మాటలు విని సంతోషించాడు. యెహోవా మన మధ్య ఉన్నాడని ఈ రోజు తెలిసింది అన్నాడు. ఆ బలిపీఠానికి "ఏద", అంటే సాక్షి, అని పేరు పెట్టారు.

వాళ్ల భయం ఉత్తదేం కాదు. మ్యాపు తీసి చూపిస్తే పిల్లలకి వెంటనే అర్థమవుతుంది. యెరికో వైపు యొర్దాను లోయ సముద్రమట్టానికి 300 మీటర్ల కన్నా లోతున ఉంటుంది, షిలోహు కొండల మీద ఉంటుంది. తూర్పునుంచి ఆరాధనకి రావాలంటే లోయలోకి దిగాలి, నది దాటాలి, మళ్లీ ఎక్కాలి. కోతకాలంలో నది గట్లు పొర్లుతుందని యెహోషువ 3వ అధ్యాయమే చెబుతుంది. తర్వాత జరిగినదీ అలాగే ఉంది. కనాను సేనాధిపతి సీసెరా మీద యుద్ధానికి రూబేను, గిలాదు రాలేదని దెబోరా పాటలో ఎత్తిపొడుపు వినిపిస్తుంది. గిలాదు నాయకుడు యెఫ్తా కాలంలో పడమటి ఎఫ్రాయిము గోత్రంవాళ్లు గిలాదువాళ్లని మీరు మా నుంచి పారిపోయినవాళ్లే కదా అని ఎగతాళి చేశారు. దానికి అదే యొర్దాను రేవుల దగ్గర, ఎవరు ఎఫ్రాయిమువాళ్లో యాసబట్టి పట్టుకోవడానికి పలకమన్న "షిబ్బోలెతు" అన్న మాట పలకలేని 42,000 మంది ఎఫ్రాయిమీయుల్ని గిలాదువాళ్లు చంపేశారు. ఆ రేవుల దగ్గరికి ఫీనెహాసులాంటివాడు ఎవడూ రాలేదు.

అయినా తూర్పున ఆ దేవుని పేరు పోలేదు. దీనికి బైబిలు బయట కూడా ఒక రుజువుంది. ఇప్పటి జోర్డాన్ దేశంలోని ధిబాన్‌లో 1868లో ఒక నల్లరాతి శాసనం దొరికింది. మోయాబు రాజు మేషా క్రీస్తుకు ముందు 9వ శతాబ్దంలో చెక్కించినది. గాదు మనుషులు అతారోతు ప్రాంతంలో అనాదిగా ఉంటున్నారని అందులో ఉంది. నెబో పట్టణాన్ని పట్టుకుని, అక్కడ యెహోవాకు చెందిన వస్తువుల్ని తన దేవుడైన కెమోషు ముందుకు ఈడ్చుకెళ్లానని కూడా ఆ రాజు గొప్పగా చెప్పుకున్నాడు. ఈ అతారోతు, నెబో పేర్లు రెండూ సంఖ్యాకాండం 32లో గాదు, రూబేను కట్టుకున్న పట్టణాల్లో ఉన్నవే. మరో మాట. ఏలీయా ప్రవక్త గిలాదువాడే. కర్మెలు కొండ మీద పడిపోయిన బలిపీఠాన్ని గోత్రానికొక రాయి చొప్పున 12 రాళ్లతో మళ్లీ కట్టింది ఆ తూర్పు ఒడ్డు మనిషే.

ఇక తప్పు ఎవరిది? నా అభిప్రాయం చెబుతాను, మీరు ఒప్పుకోకపోయినా ఫర్వాలేదు. ఎవరికీ చెప్పకుండా అంత పెద్ద కట్టడం కట్టడం తూర్పువాళ్ల పొరపాటు. ఫీనెహాసుకు చెప్పిన మాటే ముందుగా షిలోహులో చెప్పి ఉంటే ఇంత గొడవ లేదు. మీ మరిదిగారివాళ్లకి ఈ ముక్క మీరు మొహమాటం లేకుండా చెప్పొచ్చు. కానీ అడక్కముందే సైన్యాన్ని పోగుచేయడం దానికన్నా పెద్ద తప్పు. కట్టడం గురించి తర్వాత మాట్లాడుకోవచ్చు. చనిపోయినవాళ్లతో మాట్లాడలేం.

ఈ కథ ఒక్కటే చెప్పి ఊరుకుంటే పిల్లలు దీన్ని తేలిగ్గా తీసుకుంటారు, మాట్లాడుకుంటే అన్నీ సర్దుకుంటాయనుకుంటారు. అందుకే దీని పక్కన న్యాయాధిపతులు 19 నుంచి 21 పెట్టండి. వయసు వచ్చిన పిల్లలైతేనే, వివరాలు తగ్గించి. బెన్యామీను గోత్రానికి చెందిన గిబియాలో ఒక లేవీయుడి ఉపపత్నిని రాత్రంతా చెరిచి చనిపోయేలా చేశారు. ఇది బలిపీఠంలాంటి అపార్థం కాదు, నిజంగా జరిగిన ఘోరం. న్యాయం అడగడం సబబే. కానీ ఎలా అడిగారో చూడండి. మిస్పాలో 4,00,000 మంది కూడి ఆ లేవీయుడి మాట ఒక్కటే విన్నారు. తన ప్రాణం కాపాడుకోవడానికి ఆమెను బయటికి నెట్టింది తానేనన్న సంగతి అతను చెప్పలేదు. అది విని, ఇక ఇళ్లకు పోయేది లేదని తీర్మానించుకున్నారు. ఆ తర్వాతే దోషుల్ని అప్పగించమని బెన్యామీనుకు కబురు పెట్టారు. వాళ్లు తమవాళ్లని వెనకేసుకొచ్చారు. అప్పుడు దేవుణ్ని అడిగింది "వెళ్లాలా వద్దా?" అని కాదు, "ముందు ఎవరు వెళ్లాలి?" అని. మొదటిరోజు 22,000 మంది, రెండోరోజు 18,000 మంది తమవాళ్లే పడిపోయాక గానీ "మానమంటావా?" అన్న ప్రశ్న రాలేదు. ఆ ప్రశ్న వచ్చిన చోట, బేతేలులో మందసం ముందు నిలబడి ఉన్నది ఎవరో 20వ అధ్యాయం 28వ వచనంలో చూడండి. అదే ఫీనెహాసు. యొర్దాను దగ్గర అందరికన్నా ముందు నడిచిన మనిషి ఇక్కడ కథ ముగింపుకొస్తున్నప్పుడు కనిపిస్తాడు. అప్పటికే జవాబు ఒక్కటే మిగిలింది. బెన్యామీనులో రిమ్మోను బండకు పారిపోయిన 600 మంది మగవాళ్లు తప్ప దాదాపు అందరూ పోయారు.

ఆపైన ఒక గోత్రం అంతరించిపోతోందే అని ఏడ్చారు. మా పిల్లల్ని వాళ్లకి ఇవ్వం అని అప్పటికే ఒట్టు పెట్టుకున్నారు. అందుకని యుద్ధానికి రాని యాబేష్గిలాదును నరికి 400 మంది ఆడపిల్లల్ని తెచ్చారు. చాలకపోతే షిలోహు పండుగలో నాట్యమాడుతున్న పిల్లల్ని ఎత్తుకుపొమ్మన్నారు. ఒక్క ఆడమనిషికి జరిగిన అన్యాయానికి న్యాయం చేస్తామని మొదలుపెట్టి 600 మంది ఆడవాళ్లని వాళ్ల ఇష్టం లేకుండా పంచిపెట్టడం దగ్గర ఆగారు. దీన్ని నేను ఏ రకంగానూ సమర్థించలేను. ఆ గ్రంథం కూడా సమర్థించదు, ఎవడికి తోచినట్టు వాడు చేశాడని చెప్పి అక్కడితో ముగిసిపోతుంది.

ఒకవేళ మీ పెద్దాయనకి కొత్త మందిరాన్ని తప్పుపట్టే వాక్యమే కావాలంటే యెహోషువ 22 పనికిరాదు, మొదటి రాజులు 12 చూడమనండి. వేరుపడిన ఉత్తరాది గోత్రాలకు రాజైన యరొబాము బేతేలులో, దానులో బంగారు దూడల్ని పెట్టి బలులు అర్పించాడు. జనం యెరూషలేముకు వెళ్తే తన రాజ్యం పోతుందనే అలా చేశాడు. అది నిజంగా పోటీ బలిపీఠమే. అయితే అదే అధ్యాయంలో దానికి కొంచెం పైన ఇంకో సంగతుంది. యూదా రాజు రెహబాము 1,80,000 మందిని పోగుచేసి ఉత్తరాది గోత్రాల మీదికి బయల్దేరబోతే, మీ సోదరులతో యుద్ధానికి పోవద్దని దైవజనుడు షెమయా చెప్పాడు. వాళ్లు విని వెనక్కి వెళ్లిపోయారు. వేరుపడినవాళ్ల మీద కూడా కత్తి ఎత్తొద్దనే అక్కడి మాట.

ఇదంతా చరిత్రలో ఇలాగే జరిగిందా అని పిల్లలు అడగొచ్చు. ఈ బలిపీఠం కథ యాజకుల రచనా శైలిలో ఉందని, చాలాకాలం తర్వాత, దేశం బయట ఉంటున్న యూదులు ఎంతవరకు మనవాళ్లు అన్న ప్రశ్న వచ్చినప్పుడు ఈ రూపంలో రాసి ఉంటారని చాలామంది పండితుల అభిప్రాయం. ఆ ప్రశ్న ఊహించుకున్నది కాదు. ఐగుప్తులో నైలు నది మీద ఎలిఫంటైన్ దీవిలో యూదు సైనికులకు సొంత ఆలయం ఉండేది. క్రీస్తుకు ముందు 410లో దాన్ని కూల్చేశారు. మళ్లీ కట్టుకోవడానికి 407లో యూదా అధిపతికి ఉత్తరం రాశారు. ధూపం, నైవేద్యం అర్పించుకోవచ్చని జవాబు వచ్చింది. దహనబలుల మాట అందులో లేదు. పెద్ద పిల్లలకి ఈ సంగతి తప్పకుండా చెప్పండి, ఆసక్తిగా వింటారు.

క్లాసులో ఇలా చేయండి. 12వ వచనం దగ్గర ఆపి, ఇప్పుడు మీరైతే ఏం చేస్తారని పిల్లల్ని అడగండి. కొందరిని పడమటివాళ్లుగా, కొందరిని తూర్పువాళ్లుగా కూర్చోబెట్టి, మిగతా అధ్యాయం ఒకరికొకరు చదివి వినిపించమనండి. కాలనీ మందిరం పేరు మీరు ఎత్తొద్దు. పిల్లలే ఎత్తుతారు, అప్పుడు కూడా మీ చెల్లెలి తరఫున వకాల్తా పుచ్చుకోకండి. టీచరు ఇంటి గొడవ అనుకున్నారంటే పాఠం అక్కడితో పోయినట్టే.

ఇక ఇంటి సంగతి. రాకపోకలు మానొద్దు. కానీ చెల్లెలింటికి వెళ్లి ఒంటరిగా రాయబారం కూడా నడపొద్దు, మీరు అక్కడిమాట ఇక్కడ చెప్పినా ఇక్కడిమాట అక్కడ చెప్పినా చాడీ అవుతుంది. పాస్టరుగారితో మాట్లాడి, పెద్దల్లో ఇద్దరు ముగ్గుర్ని కాలనీకి తీసుకెళ్లండి. వాళ్లలో ఆదివారం ఆ వాక్యం చదివిన ఆయన తప్పకుండా ఉండాలి, వేరే ఎవరు వెళ్లొచ్చి చెప్పినా ఆయన నమ్మరు. అక్కడ అడగాల్సినవి పెద్దగా ఏమీ లేవు. ఎందుకు కట్టారు, ప్రభువు బల్ల ఎక్కడ తీసుకుంటారు, కానుకలు ఎక్కడ ఇస్తారు, పిల్లల్ని ఏ సండే స్కూలుకి పంపుతారు. వెళ్లేముందు మాత్రం, వాళ్లు తిరిగి రావాలంటే మనం ఏం ఇవ్వగలం అన్నది కమిటీలో ఒకసారి అనుకుని వెళ్లండి.